నొప్పి మాటున రంది



వ్యాధిగ్రస్తుణ్ణి పరామర్శించటం ఒక ముస్లింపై తోటి ముస్లింకు ఉన్న హక్కుల్లో ఒకటని మనందరికీ తెలుసు. సలాముకు జవాబివ్వటం, జనాజా వెంట నడవటం లాంటి హక్కులతో పాటే దైవప్రవక్త (స) దీన్నీ చెప్పారు. ఎవరికైనా ఆపరేషన్ అయిందంటే ఇంటినిండా జనమే. పండ్లు తెస్తాం, దుఆ చేస్తాం. మరి నాలుగేళ్ళుగా మోకాళ్ళ నొప్పితోనో, నడుము నొప్పితోనో తీసుకుంటున్న మనిషి దగ్గరికి ఎందరు వెళుతున్నాం? మొదటి నెల వెళతాం. ఆరో నెలకు ‘ఆమెకు ఎప్పుడూ ఉండేదే కదా’ అనేస్తాం. ఒకవేళ వెళ్ళినా “ఎలా ఉన్నారు?” అంటాం. “అల్‌హమ్దులిల్లాహ్” అని వారంటారు. ఆ ఒక్క మాటతో హక్కు తీరిందనుకుని లేచి వస్తాం.

నేనూ అలా లేచి వచ్చినవాడినే. అందుకే ఈ వ్యాసం.

వీపనగండ్లలో మాకు బంధుత్వం ఉంది. ఇప్పుడది వనపర్తి జిల్లా. 2016కు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ‘పాలమూరు లేబరు’ అన్న పేరు వినని వారుండరు. గుంపు మేస్త్రీ వెంట ఊళ్ళకు ఊళ్ళు కదిలి ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో మట్టి మోసిన జిల్లా అది. మేము ఖాలా అని పిలిచే ఆ పెద్దావిడ కూడా పడుచు వయసులో భర్తతో పాటు అలా మట్టి గంపలు మోసింది. తిరిగి వచ్చాక నాట్లు వేసింది, పల్లికాయ తెంపింది. ఇప్పుడు అరవై దాటాయి. మోకాళ్ళు, నడుము పట్టేశాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేస్తే వారం రోజులు తేలికగా ఉంటుంది, మళ్ళీ మామూలే.

కిందటేడు నేను వెళ్ళినప్పుడు ఆమె నొప్పి గురించి ఎక్కువ చెప్పలేదు. “సజ్దాకు ఒంగలేకపోతున్న బేటా. కుర్చీల కూసోని చదివితే మనసు ఒప్పుతలేదు. నేనేం గునా చేసిన్నో, అల్లాహ్ నా ముఖం చూస్తలేడు” అన్నది. నాకు తెలిసిన పాఠం నేను చెప్పాను. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) కథ ఎత్తుకుని అరగంట సేపు సహనం గురించి ప్రసంగించాను. ఆమె అంతా విని “సచ్ హై బేటా” అని ఊరుకుంది. మంచి పని చేశాననుకుని తిరిగి వచ్చాను.

పది రోజుల తర్వాత ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళింది. బి.పి., షుగరు, క్యాన్సరు లక్షణాలు ముందుగా కనిపెట్టేందుకు 30 ఏళ్ళు నిండిన వారికోసం నింపే ప్రభుత్వ పత్రం ఒకటుంది. దాని చివరి భాగంలో మనసుకు సంబంధించిన ప్రశ్నలు రెండున్నాయి. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని, “పెద్దమ్మా, ఈ రెండు వారాల సంది ఏ పని మీదా మనసు పోకపోవుడు, ఏదీ సంతోషమనిపించకపోవుడు ఎన్ని రోజులున్నది? రందిగా, ఇక ఏమీ బాగుపడదన్నట్టు ఎన్ని రోజులనిపించింది?” అని అడిగింది. ఖాలా చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత “రోజూ” అని ఏడ్చిందట. నా అరగంట ప్రసంగంలో బయటపడనిది ఆ రెండు ప్రశ్నలకు బయటపడింది.

నొప్పికీ రందికీ ఉన్న చుట్టరికం

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. కీళ్ళవాతం, అరిగిన మోకాళ్ళు, వెన్నుపూస నొప్పి, షుగరు వల్ల పాదాల్లో మంటలు, ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. 2005 చివర్లో మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్‌ను చుట్టేసిన చికున్‌గున్యా చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ్వరం వారంలో పోయినా కీళ్ళు నెలల తరబడి వదల్లేదు. అప్పట్లో మంచం దిగటానికి గోడ పట్టుకున్న వాళ్ళను ఊరూరా చూశాం. వారి మోకాళ్ళ గురించి అందరం అడిగాం. మనసు గురించి అడిగినట్టు నాకు గుర్తు లేదు.

50 దేశాలలో జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2025లో వెలువడింది. దీర్ఘకాలిక నొప్పి ఉన్న పెద్దలలో నూటికి దాదాపు 40 మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయని అది తేల్చింది. ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. ఎందుకిలా? రాత్రి నిద్ర ఉండదు. చేతనైన పని చేతకాకుండా పోతుంది. పెళ్ళికీ చావుకూ వెళ్ళలేక మనిషి ఇంటికే అతుక్కుపోతాడు. ఇంట్లోవారికి భారమయ్యానన్న తలపు మొదలవుతుంది. ఇది ఒక వైపు. రెండో వైపు, మెదడు నుంచి వెన్నుపాము గుండా కిందికి వచ్చి నొప్పిని అణచే నరాల దారులున్నాయి. సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలు అక్కడ పనిచేస్తాయి. మనసు స్థితితో ముడిపడి ఉన్నవీ అవే. కనుక డిప్రెషన్ వచ్చిన మనిషికి అదే మోకాలి నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. నొప్పి రందిని పెంచుతుంది, రంది నొప్పిని పెంచుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. క్రీ.శ. 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్‌ఖీ శరీరం, మనసు రెంటి ఆరోగ్యంపై ఒకే గ్రంథం రాశారు. ఒకటి జబ్బుపడితే రెండోదీ బాధపడుతుందని, వైద్యులు శరీరం గురించే రాసి మనసును వదిలేస్తున్నారని ఆయన వెయ్యేళ్ళ క్రితమే అన్నారు. మన మదరసాల్లో ఆయన పేరు వినిపించకపోవటం విచారకరం.

అడగటం ఎలా?

ఆశా కార్యకర్త అడిగిన రెండు ప్రశ్నలు నిజానికి తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొదటి రెండు. పి.హెచ్.క్యు-9 అనే ఈ పట్టిక 2001లో వెలువడింది. ప్రపంచమంతటా వాడుకలో ఉంది, తెలుగులోనూ ఉంది. గడచిన రెండు వారాలలో ఆ ఇబ్బంది ఎన్ని రోజులుందో చెప్పాలి. అసలు లేకపోతే 0. కొన్ని రోజులుంటే 1, సగానికి మించిన రోజులుంటే 2, దాదాపు ప్రతిరోజూ ఉంటే 3. మొదటి రెండు ప్రశ్నలకు కలిపి 3 గాని అంతకు మించి గాని వస్తే మిగతా ఏడూ అడగాలి. మొత్తం 27లో 10 గాని అంతకు మించి గాని వస్తే వైద్యుడు కూర్చోబెట్టి వివరంగా మాట్లాడవలసిందే.

ఇది జల్లెడ మాత్రమేనని గుర్తుంచుకోవాలి. జల్లెడలో మిగిలిందల్లా రాయి కాదు, కిందికి జారిందల్లా బియ్యమూ కాదు. ‘నీకు డిప్రెషన్ ఉంది’ అని తేల్చవలసింది వైద్యుడే, అంకె కాదు.

నొప్పి ఉన్నవారి విషయంలో ఈ జల్లెడకు ఒక చిక్కు ఉంది. తొమ్మిదింటిలో కొన్ని ప్రశ్నలు నిద్ర, నీరసం, ఆకలి, ధ్యాస నిలవకపోవటం, కదలికలు మందగించటం గురించినవి. మోకాలు సలిపే మనిషికి మనసు నిబ్బరంగా ఉన్నా నిద్ర పట్టదు. నడుము పట్టిన మనిషి నెమ్మదిగానే కదులుతాడు. అంటే రంది లేకపోయినా ఆరేడు అంకెలు పడిపోవచ్చు. దీన్ని చూసి కొందరు, నొప్పి ఉన్నవాళ్ళకు ఈ పట్టిక దండగ అంటారు. అది పొరపాటు. అలాంటి వారి విషయంలో మొత్తం కంటే ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందన్నది చూడాలి. సంతోషం పోవటం, దిగులు, తాను పనికిరానివాడినన్న భావన, చావు తలపు అనే నాలుగూ మోకాలు అరిగినంత మాత్రాన రావు. నేను చూసిన ఒక డాక్టరు గారు ఇంకొకటి కూడా అడిగేవారు: “నొప్పి కొంచెం తగ్గిన రోజున మనవడు ఒళ్ళో కూర్చుంటే ముచ్చటేస్తుందా?” నొప్పి తగ్గినా ముచ్చట కలగటం లేదంటే ఆయన తన కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకునేవారు. రక్తహీనత, థైరాయిడ్, బి-12 లోపం కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి కనుక రక్త పరీక్ష రాయించటం మరచిపోయేవారు కారు.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు మరొకటుంది. ‘నీ నొప్పంతా మనసులోనే ఉంది, ఒంట్లో ఏమీ లేదు’ అని పంపేయటం. ఎక్స్‌రేలో ఏమీ కనిపించనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. మనసు గురించి అడిగామంటే నొప్పిని నమ్మలేదని కాదు. ఈ మాట రోగికి ముందే చెప్పాలి. చెప్పకుండా అడిగితే “నన్ను పిచ్చిదాన్నంటున్నావా?” అన్న జవాబే వస్తుంది.

అడిగే మాట కూడా ముఖ్యమే. ‘డిప్రెషన్ ఉందా?’ అంటే పల్లెలో ఎవరూ ఉందనరు. రంది ఉందా, గుబులుగా ఉందా, దిల్ ఉదాస్ ఉందా, ఏమీ తోచటం లేదా అంటే చెబుతారు. కొడుకూ కోడలూ ఎదురుగా ఉండగా అడిగితే అదీ చెప్పరు. స్త్రీలను స్త్రీలే, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి.

ఇమాము గారి చెవిన ముందుగా పడే మాట

ఖాలా నాతో అన్న మాట మళ్ళీ చదవండి. ‘నేనేం గునా చేసిన్నో, అల్లాహ్ నా ముఖం చూస్తలేడు.’ పట్టికలోని ఆరో ప్రశ్న సరిగ్గా ఇదే. తన మీద తనకే ఏవగింపు, తాను పనికిరానన్న అపరాధ భావం. మన ఇళ్ళల్లో అది ధర్మం మాటల్లో బయటికొస్తుంది. ‘నా నమాజు స్వీకరించబడటం లేదు.’ ‘ఇది నా పాపాలకు శిక్ష.’ ‘ఖుర్‌ఆన్ చదివినా మనసు కదలటం లేదు.’ ఈ మాటలు డాక్టరు దగ్గర ఎవరూ అనరు. ఇమాము గారి దగ్గర, దర్స్ చెప్పే ఆపా దగ్గర, నాలాంటి వాడి దగ్గర అంటారు. మనమేమో అది మసలా అనుకుని జవాబు చెబుతాం, లేదా ఈమాన్ బలహీనపడిందని ఉపదేశం మొదలుపెడతాం. ఏళ్ళ తరబడి నొప్పి ఉన్న మనిషి నోట ఈ మాట వింటే అక్కడితో ఆగి ఆ రెండు ప్రశ్నలు అడగాలని ఇప్పుడు నాకు తెలిసింది.

మసలాకు జవాబు ఎలాగూ తేలికే. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు మొలల బాధ ఉండేది. నమాజు గురించి ఆయన అడిగితే, నిలబడి చదవమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చదవమని దైవప్రవక్త (స) ఉపదేశించారు (బుఖారీ). కుర్చీలో చదివిన నమాజు తక్కువ రకం నమాజు కాదు. అయితే డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఈ హదీసు వినిపిస్తే తల ఊపుతుందే తప్ప లోపలి భారం దిగదు. జవాబు తెలియక వచ్చిన బాధ కాదు కదా అది!

సహనమంటే దాచుకోవటమా?

చాలామంది నోరు మూయిస్తున్నది ఈ అపోహే. బాధ చెబితే సహనం పోతుందని, పుణ్యం తరిగిపోతుందని భయపడతారు. దివ్య ఖుర్‌ఆన్ ఏం చూపిస్తోంది? యూసుఫ్ సూరాలో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) అందమైన సహనం గురించి మాట్లాడతారు. అదే సూరాలో కొడుకు కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని కూడా ఉంది (84). ఆ దుఃఖం చూసి కొడుకులు విసుక్కున్నారు, అల్లాహ్ మాత్రం తప్పుపట్టలేదు. హజ్రత్ అయ్యూబ్ (అ) తనకు బాధ కలిగిందని ప్రభువుతో నోరు విప్పి మొరపెట్టుకున్నారు (అల్ అంబియా: 83). మొరపెట్టుకున్న ఆ ప్రవక్తనే అల్లాహ్ సహనశీలి అని మెచ్చుకున్నాడు (సాద్: 44). పైగా స్వస్థత నేరుగా ఆకాశం నుంచి దిగలేదు. కాలితో నేలను తన్నమని ఆజ్ఞ అయింది. చల్లని నీరు పైకి వచ్చింది, స్నానానికీ తాగటానికీ. నా అరగంట ప్రసంగంలో ఈ భాగం నేను చెప్పలేదు!

దిగులు నుంచి, దుఃఖం నుంచి కాపాడమని దైవప్రవక్త (స) స్వయంగా తరచూ వేడుకునేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. వైద్యం చేయించుకోవచ్చా అని పల్లె అరబ్బులు అడిగినప్పుడు చేయించుకోమన్నారు. వార్ధక్యం తప్ప మందు లేని జబ్బును అల్లాహ్ దించలేదన్నారు (అబూదావూద్, తిర్మిజీ). ఆ మాటలో శరీరం జబ్బు అనీ, మనసు జబ్బు అనీ తేడా ఏమీ లేదు.

తొమ్మిదో ప్రశ్న

పట్టికలో చివరిది అడగటానికి అందరూ జంకుతారు. చనిపోతే బాగుండునని గాని, తనకు తాను హాని చేసుకోవాలని గాని అనిపించిందా? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని భయం. పరిశోధనలు ఆ భయం నిజం కాదంటున్నాయి. అడిగినందువల్ల ఆ తలపు పెరగదు. ఎవరితోనూ చెప్పుకోలేని మాట చెప్పుకునే దారి దొరుకుతుంది.

ముస్లిం ఇంట్లో ఆ మాట రాదని కూడా అనుకోవద్దు. ఖుర్‌ఆన్‌లో ప్రసవ వేదన పడుతూ, ఇంతకు ముందే చనిపోయి మరుపున పడిపోయి ఉంటే బాగుండేదన్నది ఎవరు? అల్లాహ్ ఎన్నుకున్న పరిశుద్ధురాలు హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం). నొప్పి, ఒంటరితనం, లోకం ఏమంటుందోనన్న భయం మూడూ కలిసిన ఘడియ అది. వచ్చిన జవాబులో మందలింపు లేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు, కాళ్ళ దగ్గరే పారే ఊట, తినటానికి తాజా ఖర్జూరాలు (మర్యమ్: 23–26). కష్టానికి తాళలేక చావును కోరవద్దని దైవప్రవక్త (స) వారించినప్పుడు కూడా ఊరకే వారించి వదిలేయలేదు. జీవితం నాకు మేలైనంత కాలం బ్రతికించు, మరణమే మేలైనప్పుడు మరణమివ్వు అనే భావం గల దుఆను ఆ నోటికి అందించారు (బుఖారీ, ముస్లిం). ఆత్మహత్య హరామ్ అన్నది మనందరికీ తెలుసు, ఆ బాధలో ఉన్న మనిషికీ తెలుసు. ఆ సమయంలో దాన్ని గుర్తుచేసి భయపెడితే మాట మళ్ళీ లోపలికే వెళ్ళిపోతుంది.

ఎవరైనా ‘అవును, అనిపిస్తోంది’ అంటే వారిని ఒంటరిగా వదలకండి. సేద్యం ఇళ్ళల్లో పురుగుమందు డబ్బాలు ఉంటాయి. వాటిని, ఇంట్లో పోగైన మాత్రలను అదే రోజు అక్కడి నుంచి తీసివేయండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ప్రమాదం ముంచుకొస్తే 108. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే రోజులు పోయాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్న వ్యక్తిగానే చూడాలని, శిక్షించరాదని చెప్పింది.

తర్వాత ఏమిటి?

అడిగి ఊరుకుంటే అడగనట్టే. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అవసరమైతే పెద్దాసుపత్రి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి కనుక మా వైపు వారికి ప్రతిదానికీ హైదరాబాద్ ప్రయాణం తప్పింది. చికిత్సలో మాటలుంటాయి, మెల్లమెల్లగా పెంచే నడక, వ్యాయామం ఉంటాయి, కొందరికి మందులుంటాయి. డులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు నొప్పికీ రందికీ రెంటికీ వాడతారు. ఇక్కడే గొడవ వస్తుంది. మందుల షాపులో ఎవరో ‘ఇది పిచ్చికి ఇచ్చే మాత్ర’ అంటారు. ఇంటికొచ్చి పారేస్తారు. ఆ మందులు మనసు మీద పనిచేయటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నాలుగు రోజులు మింగి గుణం లేదనటం, బాగుందని ఒక్కసారిగా మానేయటం రెండూ హానికరమే. నొప్పికి తక్కువ మోతాదులో ఇచ్చిన అమిట్రిప్టిలిన్ డిప్రెషన్‌కు సరిపోకపోవచ్చు. కాబట్టి నొప్పి డాక్టరుకు మనసు సంగతి, మనసు డాక్టరుకు నొప్పి మాత్రల సంగతి తప్పక చెప్పాలి. కొన్ని నొప్పి మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. రమజాన్‌లో మాత్ర వేళల గురించి నెల ముందే వైద్యుణ్ణి అడగండి. వ్యాధిగ్రస్తులకు అల్లాహ్ ఇచ్చిన మినహాయింపు ఉండనే ఉంది.

దుఆ, తిలావత్ మానమని ఎవరూ అనరు. దుఃఖంలో ఉన్నవారికి, రోగులకు హజ్రత్ ఆయిషా (రజి) యవల పిండితో జావ కాయించి ఇప్పించేవారు. అది రోగి మనసుకు ఊరటనిస్తుందని ఆమె దైవప్రవక్త (స) నోట విన్నారు (బుఖారీ). వండి తీసుకెళ్ళి పక్కన కూర్చుని తినిపించటం మనమూ చేయగలం.

ఖాలా విషయానికి వస్తే, ఆశా కార్యకర్త చీటీ రాసిచ్చాక కూడా కొడుకు పదిహేను రోజులు తాత్సారం చేశాడు. “వయసు మీద పడింది, రంది ఉండదా?” అన్నాడు. చివరకు కోడలే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తొమ్మిది ప్రశ్నలకు 17 వచ్చాయి. తొమ్మిదో ప్రశ్నకు 1. అది విని కోడలు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయిందట. సూదులు మాన్పించారు, మందు మొదలుపెట్టారు, కాళ్ళకు చేయించవలసిన వ్యాయామం కోడలికి నేర్పారు. మూడో నెలలో మళ్ళీ అడిగితే 8 వచ్చాయి. నొప్పి ఉంది. మెట్లు ఎక్కలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని అక్కడే నమాజు చదువుతోంది.

మొన్న వెళ్ళినప్పుడు “ఎట్లున్నవ్ ఖాలా?” అన్నాను. “అల్‌హమ్దులిల్లాహ్” అన్నది. ఈసారి లేచి రాలేదు. “మరి ఈ రెండు వారాల్లో మనసెట్లున్నది?” అని అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టి నాలుగు రోజులు బాగలేదని చెప్పింది.